జిగురు చాటున కాన్సరు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



కాన్సరు అనే మాట వినగానే మనకు ముందు కలిగేది భయం. ఆ తరవాత పుట్టేది ఒక ప్రశ్న. "ఇన్ని మందులు వచ్చాయంటున్నారు, మరి కొందరికి పనిచేసిన మందు ఇంకొందరికి ఎందుకు పనిచెయ్యదూ?" అని. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. ఇవాళ వాటిలో ఒక్కదాన్ని గురించే చెబుతాను. మందు ఎంత మంచిదైనా చేరవలసిన చోటికి చేరాలి గదా! ఆ దారికి అడ్డుపడే వస్తువు ఒకటి మన ఒంట్లోనే ఉంది. దాని పేరు హయలురోనాన్.

పేరు కొత్తగా వినిపించినా వస్తువు కొత్తదేం కాదు. ముఖానికి రాసుకునే క్రీముల డబ్బాల మీద "హయలురోనిక్ ఆసిడ్" అని రాసి ఉండడం మీలో చాలామంది చూసే ఉంటారు. అదే ఇది. 1934లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆవు కంటిలోపల ఉండే జిగురు నుంచి దీన్ని మొదటిసారి వేరుచేశారు. ఆ జిగురు గాజులాగా తేటగా ఉంటుంది కాబట్టి, గ్రీకు భాషలో గాజుకున్న మాటతోనే దీనికి పేరు పెట్టారు.

ఇది ఒక చక్కెర గొలుసు. నల్లపూస, బంగారు గుండు, మళ్ళీ నల్లపూస, మళ్ళీ గుండు - ఇలా మనం గొలుసు గుచ్చుకుంటాం చూడండి, అలాగే రెండు రకాల చక్కెరలు ఒకదాని తరవాత ఒకటి వేల సంఖ్యలో గుచ్చుకుని ఉంటాయి. డెబ్బై కిలోల మనిషి ఒంట్లో ఇది మొత్తం 15 గ్రాములకు మించదు. అందులో సుమారు సగం చర్మంలోనే ఉంటుంది. మిగతాది కీళ్ళల్లో, కంట్లో, ఇంకా అనేక చోట్ల ఉంటుంది. తల్లికీ బిడ్డకూ మధ్య ఉండే బొడ్డుతాడులో కూడా ఉంటుంది. రోజూ దాదాపు మూడోవంతు కరిగిపోయి, మళ్ళీ కొత్తది తయారవుతూ ఉంటుంది.

దీని గొప్పతనమంతా నీళ్ళు పట్టి ఉంచుకోవడంలో ఉంది. ఎండాకాలంలో సబ్జాగింజలు నానబెడతాం. చిటికెడు వేస్తే కాసేపటికి గ్లాసు నిండా ఉబ్బి, గింజ చుట్టూ తేటగా జిగురు కడుతుంది. హయలురోనాన్ కూడా అంతే. మోకాలు చిక్కగా జారుతున్నా, చర్మం మెత్తగా ఉన్నా దీని చలవే. గాయం మానేటప్పుడు, కడుపులో పిండం పెరిగేటప్పుడు కణాలు చోటు మారాలి, వృద్ధి కావాలి. అప్పుడు ఈ జిగురు ఎక్కువగా ఊరి వాటికి దారి చేస్తుంది.

ఇక్కడే చిక్కు వచ్చింది. కాన్సరు కణం కూడా ఈ ఏర్పాటునే వాడుకుంటుంది. చాలా కణుతులు తమ చుట్టూ ఈ జిగురును విపరీతంగా పోగుచేసుకుంటాయి. కణం ఒంటిమీద సి.డి.44 అనే కొక్కెం లాంటిది ఒకటి ఉంటుంది. హయలురోనాన్ ఆ కొక్కేనికి తగులుకుంటే "పెరుగు, కదులు, చావకు" అనే సంకేతాలు కణం లోపలికి వెడతాయి.

అయితే ఈ జిగురంతా చెడ్డదే అనుకోకండి. తూర్పు ఆఫ్రికాలో నేల కింద బొరియల్లో నేకెడ్ మోల్ రాట్ అనే జంతువు ఉంది. ఒంటిమీద బొచ్చు లేని ఎలుక లాంటిది. మామూలు చుంచు మూడేళ్ళు బతికితే గొప్ప. ఇది ముప్ఫై ఏళ్ళకు పైగా బతుకుతుంది, కాన్సరు బహు అరుదు. దీని ఒంట్లో హయలురోనాన్ గొలుసులు మరీ పొడుగ్గా ఉంటాయనీ, ఆ గొలుసులు తీసేస్తే దాని కణాలు కూడా కాన్సరు దారి పట్టగలవనీ 2013లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం వారు చూపించారు. ఆ జంతువుకున్న జన్యువును చుంచుల్లో పెడితే వాటికీ కాన్సరు తగ్గింది, ఆయుష్షు కొద్దిగా పెరిగింది అని 2023లో తెలిపారు. అంటే పొడుగు గొలుసు శాంతింపజేస్తుంది, అది ముక్కలైతే వాపును రెచ్చగొడుతుంది. వస్తువు ఒకటే, ఉన్న తీరును బట్టి గుణం.

ఇంక మందు సంగతికి వద్దాం. షుగరు వ్యాధి గురించి చెప్పేటప్పుడు క్లోమగ్రంథి పేరు వింటుంటాం. ఆ గ్రంథికి వచ్చే కాన్సరు చాలా మొండిది. దాని చుట్టూ ఈ జిగురు నీళ్ళు పట్టి ఉబ్బి, లోపల ఒత్తిడి పెంచేస్తుంది. ఆ ఒత్తిడికి సన్నని రక్తనాళాలు నలిగి మూసుకుపోతాయి. మొక్కలకు నీళ్ళు పట్టే గొట్టాన్ని కాలితో తొక్కిపట్టినట్టన్నమాట. రక్తమే పారనప్పుడు రక్తంతో వచ్చే మందు ఎలా చేరుతుంది?

మరి జిగురును కరిగిస్తే? అలా కరిగించే ఎంజైము పేరు హయలురోనిడేజ్. 2012లో చుంచుల మీద ప్రయత్నిస్తే నాళాలు తెరుచుకున్నాయి, మందు లోపలికి వెళ్ళింది, అవి ఎక్కువ కాలం బతికాయి. అందరికీ ఎంతో ఆశ కలిగింది. కాని మనుషుల్లో పెద్ద పరీక్ష చేస్తే, ఎంజైము కలిపి ఇచ్చినవారికీ ఇవ్వనివారికీ మధ్యస్థ ఆయుర్దాయం 11 నెలల పైచిలుకే తేలింది. 2019లో ఆ ప్రయత్నం మానేశారు. వేరే మందులతో కలిపి చూసిన మరో పరీక్షలో రోగులకు నష్టమే జరిగింది. కణితి చుట్టూ జిగురు ఒక్కటే లేదు, గట్టి పీచు కూడా ఉంది. ఒక్క అడ్డు తీసినంత మాత్రాన కోట కూలదు. చుంచుల్లో నయమైందన్న వార్త పత్రికలో చదివి రోగికి ఆశలు పెట్టకూడదనేది ఇందుకే.

అయినా ఆ ఎంజైము వృథా పోలేదు. నిజానికి దాని కథ పాతదే. పాము విషంలోనూ, తేనెటీగ విషంలోనూ ఇలాంటిది ఉంటుంది. విషం త్వరగా పాకడానికి అది తోడ్పడుతుంది. 1928లోనే డురాన్ రేనాల్స్ అనే ఆయన ఇలా వ్యాపింపజేసే గుణాన్ని గమనించారు. కంటి ఆపరేషన్లలో మత్తుమందు బాగా పాకడానికి డాక్టర్లు దీన్ని కలుపుతారు.

ఇప్పుడిది రొమ్ము కాన్సరుకు అక్కరకొచ్చింది. ఈ జబ్బు వచ్చినవాళ్ళలో సుమారు అయిదుగురిలో ఒకరికి హెర్-2 అనే రకం ఉంటుంది. దానికి ట్రాస్టుజుమాబ్ అనే మందిస్తారు. సెలైనులాగా నరానికి ఎక్కించాలంటే మొదటిసారి గంటన్నర, ఆ తరవాత అరగంట పడుతుంది. ఎంజైము కలిపితే అదే మందును తొడ దగ్గర చర్మం కింద, 5 మిల్లీలీటర్లు, రెండు నుంచి అయిదు నిమిషాల్లో ఇచ్చేయవచ్చు. జిగురు కాస్త కరిగి మందుకు చోటిస్తుంది, ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ యథాప్రకారం తయారవుతుంది. నరానికి ఎక్కించినంత బాగానూ పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. ఐరోపాలో 2013లోనూ, అమెరికాలో 2019లోనూ దీనికి అనుమతి లభించింది. మూడు వారాలకోసారి పిల్లల్నీ పొయ్యినీ వదిలి ఆస్పత్రికి వెళ్ళే తల్లికి ఆ గంట ఎంత విలువైనదో నేను వేరే చెప్పాలా? ఇంట్లో ఎవరికైనా ఈ వైద్యం జరుగుతుంటే, "చర్మం కింద ఇచ్చే రకం మాకు పనికొస్తుందా, ఖర్చెంత?" అని డాక్టరుగారిని అడగండి. అడగడం తప్పు కాదు. ఈ మందుతో గుండెను మధ్యమధ్య పరీక్ష చేయించాలి, అది మాత్రం మానవద్దు.

ఇక మీకు కలిగే రెండు సందేహాలు. క్రీములో ఉన్న హయలురోనాన్ వల్ల కాన్సరు వస్తుందా? అలాంటి రుజువేమీ లేదు. అది చాలావరకు చర్మం పైనే ఉండి తేమ పట్టి ఉంచుతుంది, అంతే. చక్కెర గొలుసు అన్నారు గదా, కాఫీలో పంచదార మానేస్తే కణితి ఎండిపోతుందా? ఎండదు. ఈ చక్కెరలు మనం తినే ఏ ఆహారం నుంచైనా ఒళ్ళే తయారుచేసుకుంటుంది. కాన్సరు రోగికి తిండి కట్టిపెట్టి నీరసపెట్టకండి.

చివరిగా ఒక్క మాట. కణితి పెరిగినకొద్దీ దాని చుట్టూ గోడా పెరుగుతుంది, మందు చేరడం కష్టమవుతుంది. రొమ్ములోగాని చంకలోగాని కొత్తగా గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన నుంచి రక్తం కనిపించినా, "నొప్పి లేదుగా, పండగ వెళ్ళాక చూద్దాం" అనుకోవద్దు. నొప్పి లేని గడ్డే ఎక్కువ అనుమానించవలసింది. ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి. అన్ని గడ్డలూ కాన్సరు కావు. కాదని తెలిస్తే నిశ్చింత, అయితే ముందుగా తెలుసుకున్న లాభం. ఇంటిల్లిపాది ఆరోగ్యం చూసే మనం మన ఒంటి సంగతి అందరి తరవాతకు నెట్టకుండా ఉంటే చాలు.