అంచుకు వాళ్ల మాట ఏంది?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను ఎనిమిదో తరగతి వరకు చదివినోణ్ణి. ఆన్‌లైన్ దుకాణం గురించి మాట్లాడమని నన్ను పిలిచిన్రంటే మా మనవరాలు నవ్వింది. "తాతా, నీకు పాస్‌వర్డే యాదికుండది కదా" అన్నది. నిజమే. ఆ బటన్లు ఒత్తేది మా కోడలు, మనవరాలు. నష్టం వచ్చిననాడు లెక్క రాసింది మాత్రం నేను. అందుకే ఆ లెక్కే చెప్తా.

మాది సిరోంచ. ప్రాణహిత పోయి గోదావరిలో కలిసే చోటు. ఇటు మహారాష్ట్ర, అవతలి ఒడ్డున కాళేశ్వరం, ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. ఇంట్లో తెలుగు, బడిలో, తహసీల్ ఆఫీసులో మరాఠీ, అంగట్లో గోండి, మాడియా. మా నాయన బట్టల మూట నెత్తిన పెట్టుకొని అంగళ్లకు పోయేవాడు. ఆయనకు సంతకం రాదు, కానీ నాలుగు భాషల్లో ధర చెప్పేవాడు. మాడియా ఆడామె ముందట కూసుంటే ఆమె మాటలోనే అంచు చూపించేవాడు. అట్లాంటి ఇంట్ల పుట్టి, నేను పరాయి దేశపోళ్లకు బట్ట అమ్మేటప్పుడు ఆ సంగతే మరిచిపోయిన.

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు మా ఊరికి జనం మస్తు వచ్చిన్రు. మేము ఒక చిన్న పందిరి వేసి దసలి పట్టు బట్టలు పెట్టినం. జర్మనీలో ఉండే ఒక తెలుగు కుటుంబం స్నానానికి వచ్చి నాలుగు స్కార్ఫులు కొన్నది. రెండు నెలల తర్వాత ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "కాకా, ఇక్కడ పక్కింటోళ్లు అడుగుతున్నరు, నెట్‌లో పెట్టరాదా" అన్నది. పెట్టినం. ఎగుమతికి ఐఈసీ నంబరు కావాలె, దానికి ఫీజు 500 రూపాయలు. 2022 నుంచి పోస్టాఫీసులోళ్లు డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు పెడుతున్నరు, పార్శిల్‌కు కస్టమ్స్ కాగితం వాటి ద్వారానే నడుస్తది. ఈ పని మీరు భయపడేటంత కష్టం కాదు. కష్టమంతా మాట కాడ వచ్చింది.

మేము ఏం చేసినమంటే, ఇంకో దుకాణం పేజీ చూసి ఇంగ్లీషు మాటలు ఎత్తి రాసినం. దాన్ని కంప్యూటరే జర్మన్‌లోకి, ఫ్రెంచిలోకి మార్చేటట్టు ఒక బటన్ పెట్టినం. పైసా ఖర్చు లేదని నేనే సంబరపడ్డ.

మొదటి ఏడు మూడు పార్శిళ్లు వాపసు వచ్చినయి. ఒకదాంట్లో ఉత్తరం ఉన్నది. "మీరు నున్నటి పట్టు అన్నరు, ఇందులో దారం ఎక్కడికక్కడ లావుగ ఉంది, ఇది నేతలో తప్పు" అని. నేను ఆ బట్ట నేసిన చెల్లె మజూరీల 600 రూపాయలు కోసిన. ఆమె ఏం అనలే. నేనూ ఏం అడగలే.

తప్పు ఎవరిదో ఏడాదికి గాని తెల్వలే. జర్మనీ అమ్మాయి మా పేజీ అంతా చదివి ఫోన్ చేసింది. "కాకా, నున్నటి పట్టు అని ఎవరు రాసిన్రు? అది మల్బరీ పట్టుకు రాసే మాట" అన్నది. మన దసలి పురుగు అడవిలో మద్ది చెట్టు ఆకు తిని గూడు కడతది. దాని దారం ఒక్క తీరుగ ఉండదు, రంగు కూడా గూడు గూడుకూ మారుతది. ఆ గరుకే దాని గుర్తు. అది మనకు తెల్సు కాబట్టి ఎవరికీ చెప్పలే.

తర్వాత ఆమె పగలబడి నవ్వింది. "ఎర్ర అంచు" అని చెప్పడానికి మేము ఇంగ్లీషులో బోర్డర్ అని రాస్తే కంప్యూటర్ దాన్ని జర్మన్‌లో గ్రెంట్సె అన్నది. గ్రెంట్సె అంటే దేశాల నడుమ సరిహద్దు! "ఎర్ర సరిహద్దు ఉన్న స్కార్ఫ్" అని అమ్ముతున్నమన్నమాట. సరిహద్దు మీద బతికేటోళ్లం, దాన్ని బట్టకు కుట్టి పంపినం. చేనేత బట్ట అన్న చోట కూడా హాండ్‌వేబ్‌ష్టూల్ అని పడ్డది. అంటే మగ్గమే. చదివినోళ్లు మేము మగ్గాన్నే పార్శిల్ చేస్తమనుకున్నరో ఏమో. అంచుకు వాళ్ల మాట బోర్డ్యూరె అంట. ఇప్పుడు మా ముసలోళ్లకు కూడా ఆ మాట వచ్చు.

అంకెలు కూడా అంతే. బెల్జియంలో ఒక దుకాణం 10 స్కార్ఫుల బరువు అడిగితే 1.250 కిలోలు అని రాసినం. వాళ్లకు చుక్క వేల కాడ వస్తది, దశాంశానికి కామా పెడ్తరు. పన్నెండు వందల యాభై కిలోలా అని వాళ్లు తిరిగి అడిగిన్రు. ఇక యూరోల ధరను 48.50 అని కాకుండ 48,50 అని రాయాలె. ఇది చిన్న ముచ్చట కాదు.

ఇప్పుడు చీటీ సంగతి. యూరప్ యూనియన్‌లో 2011 నాటి 1007 నంబరు చట్టం ఉన్నది. బట్టలో ఏ నార ఎంత శాతం ఉన్నదో చీటీ మీద ఉండాలె, అదీ అమ్మే దేశపు అధికార భాషలో. జర్మన్ల జైడె, ఫ్రెంచిల స్వా, ఇటాలియన్ల సేత, అన్నీ పట్టే. బెల్జియంలో అధికార భాషలే మూడు. స్విట్జర్లాండ్ ఆ యూనియన్‌లో లేదు గాని జాతీయ భాషలు నాలుగు, వాళ్ల నోటు మీద నాలుగూ అచ్చేస్తరు. మనకు ఇదేం వింత? మన నోటు వెనక పట్టీలో 15 భాషలు ఉన్నయి, మరాఠీ, తెలుగు రెండూ అందులో ఉన్నయి.

ఈ శాతం లెక్క కాడ నా నోరు మూతపడ్డది. మేము "పూర్తి పట్టు" అని రాస్తున్నం, కానీ అంచు గట్టిగ ఉండాలని అంచు పడుగులో నూలు పోగులు పెడుతున్నం. తాతల కాలం నుంచి మా తీరు అదే, ఎవరినీ మోసం చేద్దామని కాదు. కానీ చీటీ మీద వంద అని రాస్తే అది అబద్ధమే. రెండు నెలలు వాదన అయ్యింది. కొందరు నూలు తీసేద్దామన్నరు, కొందరు శాతం రాద్దామన్నరు. చివరికి దారాలు తూకం వేసి శాతం రాసినం. అమ్మకం తగ్గలే.

రంగుల గురించి ఒక మాట. క్యాన్సర్ తెచ్చే కొన్ని అజో రంగులను జర్మనీ 1990లలోనే ఆపేసింది, మన దేశంలో కూడా అప్పుడే నిషేధం వచ్చింది. బిల్లు లేని రంగుపొడి కొనకండి. మీ చేతులే ముందు అందులో మునుగుతయి.

ఇంకోటి పన్ను. 2021 జూలై 1 నుంచి యూరప్‌లో ఎంత చిన్న పార్శిల్‌కైనా వ్యాట్ ఉంది, అంతకుముందు 22 యూరోల దాకా లేకుండె. జర్మనీలో అది 19 శాతం. మేము చెప్పలే, పోస్టాయన ఇంటి ముందట పైసలు అడిగితే ఒకామె పార్శిల్ తీసుకోలే. ఇప్పుడు ధర పక్కనే రాస్తున్నం. ఆన్‌లైన్‌లో కొన్నోళ్లకు 14 రోజుల్లో కారణం చెప్పకుండ వాపసు ఇచ్చే హక్కు కూడా ఉన్నది. దాని మీద కోపం పెట్టుకొని లాభం లేదు, ధరలో ముందే లెక్క వేసుకోవాలె.

పేజీలు ఇప్పుడు ఆ జర్మనీ అమ్మాయి రాస్తది. ఊరికే చేస్తనన్నది, నేను ఒప్పుకోలే. నేసినోళ్లకు కూలి ఉన్నట్టు రాసినోళ్లకు కూడా ఉండాలె. ఆమె ఇంగ్లీషు అడగదు. "కాకా, ఇది ఏందో తెలుగులో చెప్పు" అంటది. ఎవరు నేసిన్రు, ఎన్ని రోజులు పట్టింది, ఉతికితే ఎంత తగ్గుతది, అన్నీ అడుగుతది. రెండు మీటర్ల బట్ట ఉతికినంక ఎంత ఉంటదో మాకే తెల్వదు. ఒకటి ఉతికి టేపు పెట్టి కొలిసినం.

నేను ఈ సభను అడిగేది రెండు. భాష రాసే ఖర్చు ఒక్క సంఘం మోయలేదు, సమాఖ్య ఒక మనిషిని పెట్టి అందరికీ రాయించాలె. రెండోది, వాపసు వచ్చిన పార్శిల్ నష్టం సంఘం నిధి మీద పడాలె, నేసినోళ్ల మజూరీ మీద పడొద్దు. మా సంఘంలో తీర్మానం చేసినం. ఇంకా కోస్తున్న సంఘాలు ఉన్నయని నాకు తెల్సు. ఆ కార్యదర్శులు ఇక్కడే కూసున్నరు, వాళ్ల పేర్లు నేను చెప్పను. నేనూ కోసినోణ్ణే.

ఆ 600 పట్టుకొని ఆ చెల్లె ఇంటికి పోయిన. పైసలు చాపల పెట్టి సంగతి చెప్పిన. ఆమె పైసల దిక్కు చూడలే. "ఆ బట్ట యాడున్నది అన్నా?" అని అడిగింది. ఆఫీసు బీరువాలో ఉందంటే తెల్లారి వచ్చి తీయించింది. కిటికీ కాడ ఎండకు పట్టి, లావుగ ఉన్న చోట వేలు పెట్టి చూసి, "ఇది నా చెయ్యి కాదే, పురుగు చేసింది" అన్నది. ఆ రోజే దానికి ఫోటో తీసినం. ఇప్పుడు మా దుకాణంలో దసలి పట్టు అంటే ముందు కనిపించేది ఆ వేలే.

నాకు నాలుగు గంటల బస్సు ఉన్నది. తీర్మానం కాగితం అధ్యక్షుల వారికి ఇచ్చి పోతున్న.