ఈసారి వెళ్లిపోయింది మేం కాదు, రేకుల షెడ్డు

మా గృహప్రవేశం వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు. "బ్రో, ఇల్లు అయిపోయింది కదా, పక్కన ఆ రేకుల షెడ్డు ఇంకా ఎందుకు?" అని. నిజమే. పాలు పొంగించాక కూడా నాలుగు నెలలు అది అక్కడే ఉంది. పోయిన ఆదివారం తీసేశాం. ఇవాళ ఆ కథ చెప్తాను.

కొత్తవాళ్ల కోసం చిన్న రీక్యాప్. మాది ఖమ్మం దగ్గర. మా నాన్న తాపీ మేస్త్రి. 150 గజాల స్థలంలో మా ఇల్లు మేమే కట్టుకున్నాం. గోడలు, ప్లాస్టరింగ్ అంతా నాన్న చేతి పనే. సెంట్రింగ్, స్లాబు, కరెంటు పనులకి మాత్రం మనుషుల్ని పెట్టాం. నేను జీతం పెట్టాను, శని ఆదివారాలు ఇటుకలు మోశాను. 26 నెలలు పట్టింది. అన్ని నెలలూ ముగ్గురం ఆ షెడ్డులోనే ఉన్నాం.

లెక్క చెప్తాను. పాత ఇంటి అద్దె నెలకి 7,000. అంటే 26 నెలలకి 1,82,000. సెకండ్‌హ్యాండ్ రేకులు, పైపులతో షెడ్డుకి అయింది 58,000. కానీ డబ్బు కంటే పెద్ద లాభం క్యూరింగ్. ఐఎస్ 456 కోడ్ ప్రకారం పీపీసీ సిమెంటుతో వేసిన కాంక్రీటుని కనీసం 10 రోజులు తడిగా ఉంచాలి. సైట్‌లోనే ఉంటాం కాబట్టి స్లాబు మీద మడులు కట్టి, ఒక్క పూట కూడా ఎండనివ్వలేదు.

కష్టం లేదా అంటే ఉంది. మే నెలలో రేకుల కింద ల్యాప్‌టాప్ కంటే ముందు నేను హీటెక్కేవాణ్ణి. వాన పడితే మీటింగ్‌లో మ్యూటే. అమ్మ మాత్రం పట్టా కట్టిన బాత్రూంలో స్నానం చేయడానికి రోజూ తెల్లారకముందే లేచేది. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

సరే, గృహప్రవేశం అయింది. ఆ రాత్రి అందరం కొత్త ఇంట్లో పడుకున్నాం. మర్నాడు చూస్తే నాన్న మంచం మళ్లీ షెడ్డులో ఉంది! "సామాన్లున్నాయి రా, ఎవడన్నా ఎత్తుకుపోతాడు" అన్నాడు. ఏం సామాన్లు? తాపీ, తట్ట, లెవల్ పైపు, మిగిలిన టైల్స్, సగం పెయింట్ డబ్బాలు. పైన మెట్లకి రెయిలింగ్ కూడా పెట్టలేదు. అడిగితే "చూద్దాంలే" అనేవాడు.

ఒకరోజు రాత్రి టీ తీసుకెళ్లి గట్టిగా అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఇల్లు పూర్తయిందంటే మనం సామాను సర్దుకోవాలి రా. నాకు అదే అలవాటు."

నాకు అప్పుడు వెలిగింది. చిన్నప్పుడు నాన్న ఎక్కడ ఇల్లు కడితే మేం అక్కడే షెడ్డులో ఉండేవాళ్లం. అయిదో క్లాసులోపు నాలుగు షెడ్లు మారాం. ఓనర్ గృహప్రవేశం రోజు చివరి బంతిలో భోజనం, మర్నాడు రేకులు ఊడదీయడం. ఒక ఓనరైతే నా పరీక్షలు అయ్యేదాకా కూడా ఆగలేదు. అలా బతికిన మనిషికి, పూర్తయిన ఇంట్లో ఉండిపోవడం అంత ఈజీ కాదు.

ముందు రెయిలింగ్ పెట్టించాం. తర్వాత డేట్ ఫిక్స్ చేశాం. షెడ్డు గోడలు తీస్తుంటే ఒకటి తెలిసింది. నాన్న వాటికి సిమెంటు వాడలేదు, మట్టితో కట్టాడు. తాపీతో చిన్నగా తడితే ఇటుక ఇటుక విడిగా వచ్చేసింది. దాదాపు 1,100 ఇటుకలు పగలకుండా దొరికాయి. ఇప్పుడు వాటితోనే ప్రహరీ లేస్తోంది. రేకులు, పైపులు నాన్న దగ్గర పనిచేసే అన్నకి ఇచ్చేశాం. ఆయన వచ్చే నెల బేస్‌మెంట్ మొదలుపెడుతున్నాడు.

ఇల్లు కట్టాలనుకునేవాళ్లకి రెండు మాటలు. షెడ్డుని సెప్టిక్ ట్యాంకు, బోరు వచ్చే చోట వేయకండి, మధ్యలో మార్చాల్సి వస్తుంది. తీసేసే తేదీ ముందే అనుకోండి. షెడ్డు ఉన్నంతకాలం మిగిలిన పనులన్నీ అందులోనే దాక్కుంటాయి.

ఇంకొకటి రిక్వెస్ట్. మీ సైట్ షెడ్డులో ఒక కుటుంబం ఉంటే, ఖాళీ చేయమనే ముందు వాళ్ల పిల్లల పరీక్షలెప్పుడో ఒక్కసారి అడగండి.

నాన్న మంచం ఇప్పుడు హాల్లో ఉంది. తాపీ మాత్రం దిండు పక్కనే పెట్టుకున్నాడు. ఉండనీ అన్నాం.

మీ ఇల్లు కట్టిన మేస్త్రి పేరు మీకు తెలుసా? కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ వీడియోలో కలుద్దాం.