మంచు లేని ఊర శునకముతో పరుగు



పెంపుడు కుక్కతో మంచుపై జారు క్రీడను గూర్చి, అదియును స్వల్పవ్యయముతో, మాటలాడుదునని నేను చెప్పినప్పుడు మన కార్యదర్శిగారు క్షణకాలము నా ముఖము వంక చూచిరి. అమ్రోలీలో మంచెక్కడిదని వారి సందేహము. బరఫ్‌గోలా బండిపై తప్ప మఱెక్కడను లేదని నేనును ఒప్పుకొనుచున్నాను.

స్కీజోరింగ్ అను పేరు నార్వే భాషనుండి వచ్చినది. స్కీలపై తోలుట అని దాని యర్థము. మనుష్యుడు సన్నని పొడవైన స్కీలు తొడిగి, రెండు కఱ్ఱలు చేతబట్టి, హిమభూమిపై సాగిపోవును. అతని నడుమునకు వెడల్పైన పట్టీ యుండును. దానినుండి సాగెడు త్రాడొకటి ముందున్న కుక్క ఱొమ్ముపట్టీకి పోవును. మెడకు కట్టరాదు, ఊపిరాడదు. భారమంతయు కుక్కపై వేసి ఊరకుండుటయు తగదు, తానును కఱ్ఱలతో నెట్టుకొనుచు పోవలెను. 1928లో సెయింట్ మోరిట్జ్ శీతకాల ఒలింపిక్సులో ఇది ప్రదర్శనక్రీడగా జరిగినది గాని, అచ్చట లాగినవి గుఱ్ఱములు. గుఱ్ఱము మన జీతములకు అందునది కాదు గదా!

మంచు లేని కాలమున ఆ దేశములవారే స్కీలు విడిచి, అదే పట్టీతో కుక్క వెంట నేలపై పరుగెత్తుదురు. దానిని కానిక్రాస్ అందురు. మా అమ్మాయి ఇది ఎచ్చటనో చదివి, "మన మోతీతో చేయుదము నాన్నగారూ" అని పట్టుపట్టినది. మోతీ మా వీధిలో పుట్టిన దేశవాళీ కుక్క. దిగుమతి పట్టీల ధరలు చూచి నేను కండ్లద్దములు తీసి తుడుచుకొంటిని. తుదకు, లింబాయతులో నేతపని చేయు మన తెలంగాణ పెద్ద యొకరు పాతమంచపు నవారు ఇచ్చిరి. దర్జీ దానితో రెండు పట్టీలు కుట్టెను. సాగెడు త్రాటికి పాత సైకిలు ట్యూబు చాలినది. మొత్తము మూడువందల రూపాయలు దాటలేదు. కుడియెడమలు చెప్పుటకు పరభాషాపదములెందుకని, మా తాతగారు అరకకట్టి ఎడ్లతో పలికిన "వలపల, దాపల" అను మాటలనే నేర్పితిమి. వారము దినములలో మోతీ వానిని గ్రహించినది. మా అబ్బాయికి నేటికిని తడబాటే.

ఇక నా తప్పు చెప్పవలెను. ఏప్రిల్ మాసమున ఒక ఆదివారము ఎనిమిదిన్నర గంటలకు తాపీ యొడ్డున పరుగెత్తుచుంటిమి. మోతీ రెండుమారులు నీడవైపు తిరిగినది. "పద, పద" అని నేనే పురికొల్పితిని. మూడవమారు అది తూలి పడిపోయినది. నాలుక ముదురెఱుపై, కాళ్ళు వణకుచుండెను. కుక్కకు చెమట మనవలె పట్టదు. పాదములయందు కొంత మాత్రమే. రొప్పునప్పుడు నోటి తడి ఆవిరియగుట వలననే దాని యొడలు చల్లబడవలెను. సూరతువంటి సముద్రతీరపు ఉక్కలో ఆ తడి త్వరగా ఆఱదు. ఈ సంగతి నాకు పశువైద్యుడు తరువాత చెప్పెను. చాయ్ దుకాణమువాడు కడవెడు నీళ్ళు పోసి, అట్టముక్కతో విసరెను. ఆటోలో వైద్యుని వద్దకు కొనిపోయితిమి. బ్రతికినది. మా అమ్మాయి రెండు దినములు నాతో మాటలాడలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక, 1911లో దక్షిణధ్రువము చేరిన ఆముండ్‌సెన్ యాత్రను తలపోసితిని. ఆయన బృందము స్కీలపైనను, కుక్కల బండ్లతోను పోయెను. అక్టోబరులో 52 కుక్కలతో బయలుదేరి, డిసెంబరు 14న ధ్రువము చేరి, 11 కుక్కలతో శిబిరమునకు మరలివచ్చిరి. చనిపోయినవానిలో అధికభాగము ముందుగా వేసికొన్న లెక్క ప్రకారము ఆహారమునకై చంపబడినవి. స్కాటు బృందము తుదిదశలో బండ్లను తామే లాగుకొని పోయి, మరలివచ్చుచు 1912లో ఐదుగురును మరణించిరి. కనుక ఆముండ్‌సెన్‌ను నిందించుట సులభము కాదు. అయినను మహాప్రస్థానమున హిమవంతము దాటిపోయిన ధర్మరాజు, వెంటవచ్చిన శునకమును విడిచి రథమెక్కనన్న కథ వినుచు పెరిగినవాడను. ఆ 52లో 11 అను లెక్క నాకు మింగుడు పడలేదు. నేను లెక్కయైనను వేయలేదు, "పద" అంటిని, అంతియే.

ఇప్పుడు సూర్యోదయమునకు ముందే పోదుము. మార్చి చివరనుండి వానలు పడువఱకు పరుగు లేదు, నడకయే. మోతీ నీడకు తిరిగినచో నేనును తిరుగుదును.

నిజమైన మంచు మాటయా? ఔలీలోను, గుల్మార్గులోను స్కీ నేర్పుదురు. పరికరములు అద్దెకు దొరకును. ఎల్.టి.సి. ఫారము నా సొరుగులోనే యున్నది. కాని మోతీ పొట్టివెండ్రుకలది. ఆ చలికి తాళునా? బ్రేకువాను పెట్టెలో అంత దూరము తేవచ్చునా? మా యింట ఈ చర్చ ఇంకను తెగలేదు. ఈలోపల నవారు కొలతలు కావలసినవారు సభానంతరము నన్ను కలిసికొనవచ్చును. కుక్క ఱొమ్ము చుట్టుకొలత మాత్రము ఇంటివద్దనే తీసికొని రండు.