కోడిపిల్లలకు వెచ్చదనము, చోటు



ఒక్కదినపు కోడిపిల్లలను గంపనిండ కొనితెచ్చి, పదిదినములు తిరుగకుండ సగమును పాతిపెట్టిన యిండ్లు మన పల్లెలలో తక్కువ కావు. తెగులు తగిలినదని కొందరును, దిష్టి తగిలినదని కొందరును చెప్పుకొందురు. తెగుళ్లు లేకపోలేదు. కాని మొదటి వారములో పోవు పిల్లలలో పెక్కు చలికిని ఇరుకునకును బలియగునట్టివే. పోయినది పిల్లలు మాత్రమే కాదు. ఇంటి ఆడవారు గ్రుడ్లమ్మి కూడబెట్టిన రొక్కము. కావున నేడు మందుల మాట ప్రక్కన బెట్టి, వేడిమిని గూర్చియు చోటును గూర్చియు ముచ్చటించెదను.

తల్లికోడిని చూడుడు. చలివేసిన పిల్ల దాని రెక్కక్రింద దూరును; వెచ్చబడినంతనే వెలుపలికి వచ్చి గింజ లేరుకొనును. వేడిమి తల్లిదే, గాని ఎంత కావలెనో నిర్ణయించుకొనునది పిల్ల. యంత్రములో పొదిగిన పిల్లలకు తల్లి లేదు. మొదటి వారములలో వాని మేన నూగే గాని ఈకలు లేవు. తమ వెచ్చదనమును తాము నిలుపుకొనలేవు. ఆ తల్లికి మారుగా మనము అమర్చునదే బ్రూడరు. చేరుటకు వెచ్చని చోటు, తొలగుటకు చల్లని చోటు రెండును ఉన్నదే మంచి బ్రూడరు.

మొదట వేడిమి. తొలివారమున గొడుగుమూత అంచున, పిల్ల వీపు ఎత్తులో, 95 ఫారెన్‌హీటు డిగ్రీలు, అనగా 35 సెంటీగ్రేడు డిగ్రీలు ఉండవలెను. తరువాత వారమునకు 5 ఫారెన్‌హీటు డిగ్రీల చొప్పున తగ్గించుచు 70 వరకు దింపవలెను. విద్యుద్దీపముతో కాచువారు పిల్ల కొక్కింటికి 2 వాట్ల లెక్క వేసికొనవచ్చును. 50 పిల్లలకు 100 వాట్లు చాలును. కాని ఒకే పెద్ద బల్బుకంటె 60 వాట్లవి రెండు మేలు. నడిరాత్రి ఒకటి మాడిపోయినను రెండవది నిలుచును.

ఇక్కడ నొక హెచ్చరిక. నల్లగొండ దారినుండియు, సాగరు దారినుండియు బస్సులలో వచ్చువారు ఎల్.బి.నగర్ కూడలిలో దిగి, దిల్‌సుఖ్‌నగర్ అంగళ్లలో బల్బులు కొనుట కలదు. ఊరక "బల్బు" అని యడిగినచో నేటి వర్తకుడు ఎల్‌.ఇ.డి. దీపము చేతిలో బెట్టును. అది ఇంటి వెలుగునకు మంచిదే. కరెంటు తక్కువ త్రాగును. పిల్లలకు మాత్రము పనికిరాదు, ఏలయన అది వెలుగునే గాని తగిన వేడిమి నీయదు. లోపల తీగ ఎఱ్ఱబడి వెలుగు పాతరకపు బల్బునో, ఎఱ్ఱ కాపుడు బల్బునో అడిగి తీసికొనుడు. వెలుగు చూచి వేడిమి యున్నదని భ్రమపడరాదు. చేయి చాచి చూడవలెను.

ఆ కాలనీలలోనే మేడలమీద ఇరువది ముప్పది కోళ్లను పెంచువారును కలరు. అట్టి యొక యింట రేకుల గదిలో ఏప్రిల్ మధ్యాహ్నమున దీపము వెలుగుచుండగా, పిల్లలు ముక్కులు తెరచి రొప్పుచుండుట నేను చూచితిని. మన యెండకాలమున పగలు 40 సెంటీగ్రేడు డిగ్రీలు దాటు దినములు కలవు. అప్పుడు దీపమార్పి గాలి తగులనీయవలెను. డిసెంబరు రాత్రులలో తెల్లవారుజామున లేచి చూడవలెను. లెక్క యొకటే, కాలము వేరు.

ఇక చోటు. గొడుగుమూత క్రింద పిల్ల కొక్కింటికి 7 మొదలు 10 చదరపు అంగుళములు కావలెను. 2 అడుగుల వెడల్పుగల గుండ్రని మూత 50 పిల్లలకు సరిపోవును. దానిచుట్టు 2 అడుగుల దూరమున, అడుగున్నర యెత్తున, అట్టతోగాని తడికతోగాని గుండ్రని కంచె కట్టుడు. మూలలున్నచో పిల్లలు వానిలో క్రిక్కిరిసి ఒకదానిక్రింద నొకటి నలిగి చచ్చును. ఈ కంచెలోపల 28 చదరపు అడుగుల చోటు వచ్చును. నాలుగువారములవరకు పిల్లకు అర చదరపు అడుగు కావలెను గనుక అది చాలును. అటుపిమ్మట ఒక్కొక్కదానికి ఒక్క చదరపు అడుగు ఈయవలెను. నేలపై రెండంగుళముల వరి ఊక పరచి, మొదటి దినములలో దానిపై కాగితము వేసి మొక్కజొన్న నూక చల్లుడు. తడిసిన ఊకను వెంటనే తీసివేయుడు.

ఉష్ణమాపకము లేనివారు విచారింపనక్కరలేదు, పిల్లలే చెప్పును. దీపముక్రింద గుమిగూడి కీచుమని అరచినచో చలి. కంచెకు అంటుకొని రొప్పినచో వేడిమి హెచ్చు. అన్నియు ఒక్క ప్రక్కకే చేరినచో రెండవ ప్రక్కనుండి ఈదురుగాలి తగులుచున్నదని అర్థము. అంతట చెదరి, తినుచు త్రాగుచు నిద్రించుచున్నచో మీ ఏర్పాటు సరియైనది.

కరెంటు పోయినవేళ కొందరు బొగ్గుల కుంపటి పెట్టుదురు. కిటికీలు మూసిన గదిలో దానినుండి పుట్టు విషవాయువునకు వాసనయు లేదు, రంగును లేదు. పిల్లలనే కాదు, ఆ గదిలో నిద్రించు మనుష్యులనుగూడ చంపును. దానికి బదులు వేడినీరు పోసిన సీసాలను గుడ్డలో చుట్టి పిల్లలనడుమ నుంచి, గాలి యాడుటకు సందు విడిచి, మీద గోనెపట్టా కప్పుడు. బల్బును గొలుసుతోగాని గట్టి త్రాటితోగాని వ్రేలాడదీయుడు. కరెంటు తీగకే వ్రేలాడదీసినచో ఊకపై తెగిపడి అగ్నిప్రమాదము కలుగవచ్చును.

రాజేంద్రనగరులో 1988లో స్థాపింపబడిన కోళ్ల పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ జాతులను పెరటి పెంపకమునకై రూపొందించినది. అట్టి పిల్లలనుగూడ ఆరు వారములు కాచి పెంచినపిదపనే పెరటిలోనికి విడువవలెను. జాతి యెంత మేలైనను తొలివారపు చలి దానిని గుర్తింపదు. టీకాలను పశువైద్యుని అడిగి వేళకు వేయించుడు. చలికి క్రుంగిన పిల్లకు టీకాయు పూర్తిగా అక్కరకు రాదు.

కడపటి మాట. పిల్లలు ఇంటికి వచ్చు దినమునకు ముందటి రాత్రియే దీపము వెలిగించి, ఊక వెచ్చబడినదా యని అరచేతితో తాకి చూడుడు. చల్లగా నున్నచో సరిచేసికొనుటకు మీకు ఒక రాత్రి గడువుండును. గంప దిగినపిదప ఆ గడువు ఉండదు.