వ్రేలు విడిచిన వేసవి
(ప్రసంగపాఠము)



ఏప్రిల్ మాసము ముగియునప్పటికి రుఆబాంధాలో తారురోడ్లు మెత్తబడును. కుళాయినీరు సయితము చేయి కాల్చును. బడులకు సెలవులిచ్చుటకు ముందే తెలుగు ఇండ్లలో రైలు టిక్కెట్ల మాట మొదలగును. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు భిలాయి మొదటి కొలిమిని ప్రారంభించిరి. ఆ కర్మాగారమును నమ్ముకొని శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ ప్రాంతములనుండి వచ్చినవారికి 1931లో పూర్తియైన రాయపూరు–విజయనగరము రైలుమార్గమే పుట్టింటిదారి. మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురము దాటిన పిదప గాలిలో తేమ తగులును. అప్పుడు పెద్దలు కిటికీ తలుపులెత్తుదురు.

బిడ్డ ఎదుగుచున్న సంగతి ఇంటిలో అంతగా కంటబడదు. దినమును చూచుచున్నదానిని కన్ను పోల్చుకొనజాలదు. ఏటేట ఒకే ఇసుకపై, ఒకే కెరటముల యెదుట నిలిపి చూచినప్పుడు మాత్రము తేడా స్పష్టముగా తెలియును. గోస్తనీనది సముద్రమున కలియు భీమునిపట్టణమునకు వేసవి గడపబోవు ఒక కుటుంబమును శ్రోతలు ఊహించుకొందురు గాక.

మొదటి వేసవికి బాలికకు ఐదేండ్లు. అంతవరకు ఆమె ఎరిగిన పెద్దనీరు మరోదా జలాశయమే. దానికి ఆవలి ఒడ్డు కలదు, సముద్రమునకు కనబడలేదు. ఆమె తల్లి చీర కుచ్చెళ్లలో ముఖము దాచుకొని, "లహర్ వస్తోంది!" అని కేకవేసెను. వలలారబెట్టుచున్న జాలరి పిల్లలు నవ్విరి. "లహరేటి? కెరటం!" అని దిద్దిరి. ఉక్కునగరములో పుట్టిన పిల్లకు తెలుగు ఇంటిలోని పెద్దలు పలుకు భాష. తన యీడు పిల్లలనోట, పరిహాసములోను పందెములోను, అది ఆమెకు వినబడుట అదే మొదలు. తల్లిదండ్రులు ఏడాది పొడుగునా నేర్పలేని మాటలను ఆ పిల్లలు పది దినములలో నేర్పిరి.

ఆరవయేట తండ్రి వ్రేలు పట్టుకొని పాదములు తడుపుకొన్నది. ఏడవయేట వ్రేలు విడిచెనుగాని అడుగడుగునకు వెనుదిరిగి చూచెను. ఆ యేడే తాటిముంజలు కొనుటకు డబ్బు చేతికిచ్చి ఒంటరిగా పంపిరి. రహదారి దాటనక్కరలేని యేబది గజముల దూరము! తల్లి అరుగుమీదినుండి కదలలేదు, కన్ను మరల్చనూలేదు. బాలిక చిల్లర రెండుమారులు లెక్కించి, ఒక ముంజ తక్కువయున్నదని అమ్మువానితో వాదులాడి మరీ తెచ్చెను.

బిడ్డ తన పని తాను చేసికొనుటకు తోడ్పడవలెనని బోధించిన మాంటిస్సోరిగారు 1939లో మద్రాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి. ఆమె మాట కాదనదగినది కాదు. అయితే ఆ బోధ గదులలో కెరటములు లేవు. సముద్రము తప్పు దిద్దుకొనుటకు వ్యవధి ఈయదు. కావున స్వేచ్ఛ నిచ్చువారు హద్దునుకూడ చూపవలెను. ఆ హద్దు ఎందుకో బిడ్డకు తెలియవలెను. "దిగవద్దు" అను మాట వినినంతసేపే నిలుచును.

ఎనిమిదవయేట ఆ సంగతి చెప్పినవాడు తండ్రి కాడు, ఒక వృద్ధ జాలరి. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవలకు వేట నిషేధము. చేతితో నడుపు తెప్పలకు అది వర్తింపదు. అందుచే ఆ దినములలోను ఆయన తెప్ప తీరమున సిద్ధముగా నుండెను. "కెరటం ఇరగని కాడ దిగకు పాపా! నీరు నిమ్మళంగా అగుపడితే అక్కడే లోనికి లాగీస్తాది" అని ఆయన వ్రేలితో చూపెను. ఒడ్డునకు ఎక్కిన నీరు ఒక సన్నని పాయగా తిరిగి లోపలికి పోవును. ఆ పాయపై నురుగు తక్కువ. ఎరుగనివారు నెమ్మదియైన చోటని అక్కడనే దిగుదురు.

రెండు దినముల తరువాత బాలిక చెప్పు ఒకటి కెరటమునకు జారి సరిగా ఆ పాయలో పడెను. అది నాలుగు బారల దూరములో, అందుబాటున నున్నట్లే తేలుచుండెను. తల్లి దిగ్గున లేచెను. కేకవేసినచో పిల్ల బెదరి ముందునకు ఉరుకునో యేమో! ఆమె నోట మాట రాలేదు. బాలిక తడియిసుక అంచున ఆగి, ఒక్క క్షణము చెప్పును, మరొక్క క్షణము నీటిని చూచి, తెప్పల వైపునకు పరుగెత్తెను.

"తాతా! నా చెప్పు పోయింది!"

"పోతే పోనీ పాపా! నువ్వు దిగనేదు కదా?"

"దిగలేదు. అక్కడ కెరటం విరగటం లేదు."

తల్లి ఇసుకలో కూలబడినది. ఆ సాయంకాలము ఆమె బిడ్డను మెచ్చుకొననూలేదు, మందలింపనూలేదు. బిడ్డ తన పిలుపు వినకయే ఆగినది. అందులో ఊరట యెంతయో, ఆ తల్లిమనస్సునకు చిన్న వెలితియు అంతయే. ఈ వెలితిని గూర్చి పెంపకపు పుస్తకములలో తరచుగా వ్రాయరు.

తిరుగుప్రయాణములో తండ్రి ఈత మాట ఎత్తెను. వచ్చు వేసవికి ముందే నేర్పింపవలెను, సముద్రములో కాదు, ఈతకొలనులో, నేర్పరి యెదుట. ఇంకొక యేడు ఆగుదమని తల్లి యనెను. పార్వతీపురము దాటువరకు వారిట్లే వాదించుకొనుచుండిరి. కిటికీయొద్ద కూర్చున్న బాలిక ఇటు తిరిగి, ఈత దుస్తులకు ఎంత వెల అగునని అడిగెను.