పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది?

(ఆదివాసీ దినోత్సవ సభలో గిరిజన యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



సంఘానికి కొత్త వెబ్‌సైటు చేయాలని నిర్ణయించారు. దాన్ని చేత్తో కోడు రాసి చేయాలా, వర్డ్‌ప్రెస్ లాంటి సీఎంఎస్‌లో పెట్టాలా అని మన పిల్లల మధ్య వాదన నడుస్తోంది. మమ్మల్ని కూడా మాట్లాడమన్నారు. మేము బీఈడీ చదివి హాస్టలు నడిపేవాళ్లమే గాని ఇంజనీర్లం కాదు. అయితే సంఘం పాత సైట్లు రెండూ చెడినప్పుడు ఆ నష్టం మా హాస్టలు గడప దాకా వచ్చింది. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు చెబుతాం.

మొదటి సైటు మన పిల్లవాడే చేశాడు. ఇంజనీరింగ్ చదువుకుంటూ, సెలవుల్లో కూర్చుని హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ చేత్తో రాశాడు. తండాలో సిగ్నలు అంతంతమాత్రంగా ఉన్నచోట కూడా ఫోనులో వెంటనే తెరుచుకునేది. చదువైపోయింది, అతను చెన్నైలో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. హాస్టలు సీటుకు కావలసిన కాగితాల జాబితా అందులో ఉండేది. మరుసటి ఏడు ఆ జాబితా మారింది. పేజీలో మార్చడం ఎవరికీ చేతకాలేదు. శ్రీకాళహస్తి పక్క పల్లె నుంచి ఒక యానాది తండ్రి పాత జాబితా ప్రకారం కాగితాలు పట్టుకుని, బిడ్డను వెంటబెట్టుకుని వచ్చాడు. ఒక పత్రం తక్కువైంది. రెండు రోజుల కూలి పోగొట్టుకుని మళ్లీ తిరగాల్సి వచ్చింది. "మన సంఘమోళ్లే రాసినారు కదమ్మా" అన్నాడు. మాకు నోట మాట రాలేదు.

అప్పుడు రెండో సైటు వర్డ్‌ప్రెస్‌లో పెట్టించారు. ఈసారి మేమే లాగిన్ అయి, ఉత్తరం టైపు చేసినట్టు ప్రకటనలు పెట్టేవాళ్లం. మా ఎరుకల పిల్లలు ఇళ్లకు వెళ్లినప్పుడు అవ్వల గొంతుతో బుట్టల పేర్లు, చాటల పేర్లు రికార్డు చేసుకొచ్చి అందులో ఎక్కించారు. పెట్టిచ్చిన మనిషి డజన్ల కొద్దీ ప్లగిన్లు వేసి వెళ్లిపోయాడు. వాటిని అప్‌డేట్ చేయాలని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఒకరోజు ఒక పాప పరుగెత్తుకుంటూ వచ్చి, "మేడమ్, మన సంఘం పేరు నొక్కితే పేకాట వస్తా ఉంది" అంది. సైటు ఎవరి చేతికో పోయింది. బ్యాకప్ లేదు. అవ్వల గొంతులన్నీ పోయాయి. ఆ అవ్వల్లో ఒకామె అప్పటికే కాలం చేసింది.

కాబట్టి ఏది గొప్ప అని కాకుండా, దేనికి ఏ పని చేతనవుతుందో చూద్దాం.

మా హాస్టలులో రెండు రకాల పుస్తకాలుంటాయి. ఒకటి తెల్ల నోటుబుక్కు. గీతలు మనమే గీసుకోవాలి, ఎలా కావాలంటే అలా రాసుకోవచ్చు. రెండోది అచ్చువేసిన స్టాకు రిజిస్టరు. గడులు ముందే ఉంటాయి. వార్డెను సెలవులో ఉన్నా ఇంకొకరు నింపగలరు.

చేత్తో రాసిన పేజీ తెల్ల నోటుబుక్కు లాంటిది. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది ఫోటో అని గుర్తులు పెట్టి నోట్‌ప్యాడ్‌లో రాసిన మామూలు ఫైలు అది. వెనుక డేటాబేసు ఉండదు, లాగిన్ తలుపు ఉండదు. దొంగ పగలగొట్టడానికి సందు తక్కువ. ప్రపంచంలో తొలి వెబ్‌సైటును టిమ్ బెర్నర్స్ లీ స్విట్జర్లాండులోని సెర్న్ సంస్థలో తయారుచేశారు. అది 1991లో లోకానికి తెరుచుకుంది. ఆనాటి పేజీల ప్రతిని ఈరోజు మీ ఫోనులోనూ చదవవచ్చు. మంచి కోడుకు అంత ఆయుస్సు. కష్టం ఎక్కడంటే, నలభై పేజీలు ఉండి మెనూలో ఒక మాట మారితే నలభై చోట్లా మార్చాలి. మార్చడం తెలిసినవాడు ఊళ్లో ఉండాలి.

సీఎంఎస్ అచ్చు రిజిస్టరు లాంటిది. రాత డేటాబేసులో ఉంటుంది, రూపం థీములో ఉంటుంది. థీము మారిస్తే అన్ని పేజీల ముఖం మారుతుంది, రాత అలాగే ఉంటుంది. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్‌ను తెలుగు మెనూలతో కూడా వాడుకోవచ్చు. అందులో కంట్రిబ్యూటరుగా చేరిన పాప వ్యాసం రాయగలదు గాని ప్రచురించలేదు. ఎడిటరు చూసి సరే అనాలి. పదిమంది రాసే సంఘానికి ఇది మంచి ఏర్పాటు. బదులుగా కాపలా కావాలి. ప్లగిన్‌లో లోపం బయటపడితే దాన్ని సరిచేసే అప్‌డేటూ వస్తుంది. అది వేసుకోని సైట్లను వెతికి పట్టే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి.

మన కళ్ల ముందున్న ఉదాహరణ చూడండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా కొత్తగా ఏర్పడింది. చిత్తూరు జిల్లా సైటు, తిరుపతి జిల్లా సైటు పక్కపక్కన తెరిస్తే అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి. రెండూ ఎన్‌ఐసీ వారి ఎస్3వాస్ అనే ఒకే అచ్చులోంచి వచ్చినవి. అధికారులు బదిలీ అవుతుంటారు, సైటు నడుస్తూనే ఉంటుంది. అక్కడ అచ్చు అవసరం. కాని మన బుట్ట అల్లిక గురించి చెప్పే పేజీ కూడా ఆ అచ్చులోనే ఉండాలా? అక్కరలేదు.

అందుకే మా సలహా ఇది. సీటు తేదీలు, స్కాలర్‌షిప్ ప్రకటనలు, కాగితాల జాబితా లాంటి మారే విషయాలు సీఎంఎస్‌లో పెట్టండి. అవ్వల గొంతులు, మన మాటల పట్టికలు, పాత ఫోటోలు లాంటి మారని విషయాలకు చేత్తో రాసిన సాదా పేజీలు చేయండి. పోయిన ఎండాకాలం మా హాస్టలు అమ్మాయిలు నోట్‌ప్యాడ్‌లో అలాంటి పేజీ ఒకటి రాశారు. ఎనిమిదో తరగతి పిల్లలు. చేత్తో రాసినందువల్ల సీఎంఎస్ లోపల ఏం జరుగుతుందో కూడా వాళ్లకు అర్థమైంది.

ఇంకొక మాట. డీటీపీ షాపులో అను ఫాంట్లతో టైపు చేయించిన విషయాన్ని అలాగే సైటులో అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చి పెట్టండి. ఫోటో తీసి పెడితే వెతికినా దొరకదు, చూపులేని మన తమ్ముడి ఫోను దాన్ని చదివి వినిపించలేదు. అందమైన అక్షరాలు కావాలంటే మన శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరుతోనే ఒక ఉచిత యూనికోడ్ ఫాంటు ఉంది.

ఏ పద్ధతి ఎంచుకున్నా కొన్ని పనులు తప్పవు. డొమైన్ సంఘం పేరున, సంఘం ఈమెయిలుతో ఉండాలి. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉండాలి, అందులో ఒకరు ఆడపిల్ల అయితే మాకు సంతోషం. అవసరం లేని ప్లగిన్ తీసేయండి. నెలకొకసారి బ్యాకప్ తీసి సంఘం పెన్‌డ్రైవులో పెట్టండి. వర్డ్‌ప్రెస్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే రాత మాత్రమే ఫైలుగా వస్తుంది. ఫోటోలు, ఆడియోలు ఉన్న ఫోల్డరును విడిగా కాపీ చేయాలని మరవద్దు. మేము పోగొట్టుకున్నది అక్కడే.

మన గురించి ఎప్పుడూ ఇతరులే రాశారు. థర్‌స్టన్ దొర 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల్లో యానాదులూ ఉన్నారు, ఎరుకలవారూ ఉన్నారు. కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా రాసిపెట్టే చట్టం 1871లో వచ్చి 1952 దాకా ఉండింది. ఆ రాతలన్నీ భద్రంగా ఉన్నాయి. మన అవ్వల గొంతులే పోయాయి. ఈసారి పోకూడదు.

సభ అయ్యాక మా హాస్టలు పిల్లలు రిజిస్టరు పట్టుకుని గేటు దగ్గర కూర్చుంటారు. సైటు చూసుకోవడానికి ముందుకొచ్చేవాళ్లు అందులో పేరు రాయండి. కోడు రాకపోయినా ఫరవాలేదు, నేర్పిస్తారు. మూడేళ్లు వదలకుండా చూసుకుంటామన్న మాట ఇస్తే చాలు.