బావికి మందు వేసేటప్పుడు



సంజామల ప్రాంతంలో నేల కింద సున్నపురాయి ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఒక సున్నపురాతి పొరకు పక్కనున్న కోవెలకుంట్ల పేరే పెట్టారు. సున్నం ఎక్కువున్న నీళ్లలో కందిపప్పు ఒక పట్టాన ఉడకదు. కాచిన గిన్నెకు తెల్లగా అట్ట కడుతుంది. అది కంటికి కనబడుతుంది గనుక అందరూ దాన్నే తిట్టుకుంటారు. పిల్లలకు వాంతులు, విరేచనాలు తెచ్చేది ఆ సున్నం కాదు. కంటికి కనబడని క్రిములు. తేట నీళ్లలోనూ అవి ఉంటాయి.

1890ల నాటి కలరా రోజుల్లో, ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ అనే శాస్త్రజ్ఞుడు బావుల్లో పొటాషియం పర్మాంగనేట్ వేయించాడు. నీళ్లు గులాబీ రంగుకు తిరిగేవి. చూడ్డానికి బాగానే ఉంటుంది! కలరా క్రిమి చస్తుంది గాని, మిగతా క్రిములన్నీ చావవు. అందుకే ఇప్పుడు బావికి బ్లీచింగ్ పౌడరే వేస్తారు.

ఎంత వేయాలి? మంచి పౌడరు వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు. బావి అడ్డం 3 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు అనుకోండి. 3ను 3తో, దాన్ని 4తో, దాన్ని 785తో గుణిస్తే 28,260 లీటర్లు. దానికి 70 గ్రాముల పౌడరు సరిపోతుంది. లెక్క నేర్చిన చేతికి ఇదేం కష్టం కాదు. వరద నీరు చేరినా, బావిలో ఏదైనా పడి చచ్చినా ఈ కొలత చాలదు. అప్పుడు ఆరోగ్య కార్యకర్తను పిలవాలి.

పౌడరును అట్లే బావిలో చల్లకూడదు. బకెట్‌లో కొంచెం నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత ముప్పావు బకెట్ వరకు నీళ్లు పోసి కలియబెట్టాలి. పది నిమిషాలు ఆగితే సున్నం అడుక్కు దిగుతుంది. పై తేటనే బావిలో పోసి, చేదతో బాగా కదిలించాలి. అడుగు మడ్డి పోస్తే నీళ్లు ఇంకా గట్టిపడతాయి. రాత్రి, అందరూ చేదుకున్నాక వేయడం మేలు. గంటసేపు ఆ నీళ్లు తోడకూడదు.

"వదినా, నీళ్లు మందు వాసన కొడతాండాయి, ఇంక భయం లేదులే" అంటారు కొందరు. వాసనను నమ్మకూడదు. గంట తర్వాత చిన్న గొట్టంలో నీళ్లు పట్టి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేయాలి. ఎన్ని చుక్కలో సీసా మీద రాసి ఉంటుంది, చదవండి. పసుపు రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. వెంటనే రంగుల అట్టతో పోల్చాలి. లీటరుకు అర మిల్లీగ్రాము చూపాలి. రంగు రాకపోతే మందు చాలలేదు, లేదా పౌడరు పాతదై సత్తువ పోయింది. మూత తీసి పెట్టిన సంచిలో పౌడరు త్వరగా చెడుతుంది. కొనేటప్పుడే తయారైన తేదీ చూసుకోవాలి.

పరీక్ష చేసిన నీళ్లు తాగకూడదు, పారబోయాలి. ఆ సీసా పిల్లల చేతికి అందకూడదు.